మంచం కింద నేల

ఒకరి నగలు చూసి, ఇంకొకరి చీరలు చూసి కుళ్ళుకునేవాళ్ళు మా బంధువుల్లో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం మా ఎదురు పోర్షన్ ఆవిడ ఇంట్లో నేల చూస్తే కడుపు మండేది. ఆ నేల గొప్పదేం కాదు. మా ఇంట్లో ఉన్న పాత మొజాయిక్కే. అదే బూడిద రంగు, అవే నల్ల చుక్కలు. కాకపోతే ఆవిడ నేల కనిపిస్తుంది. మాది కనిపించేది కాదు.

సత్యనారాయణపురంలో ఒక పాత మేడ. కింద ఇల్లుగలవాళ్ళు ఉంటారు. పైన వెనక వైపు రెండు పోర్షన్లు, ఎదురెదురుగా. ఒక్కోదానికి ఒక గది, ఒక వంటిల్లు. మధ్యలో రెండు అంగల్లో దాటగలిగే వరండా. ఆ వరండా చివర, సరిగ్గా మా గుమ్మం పక్కనే, మెట్లు దిగుతాయి. మా ఇల్లు ఎంత ఉంటుందని ఎవరైనా అడిగితే నేను కొలతలు చెప్పను. మా మంచం గురించి చెబుతాను. వాళ్ళకే అర్థమైపోతుంది.

మా పెళ్ళి కుదరగానే ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో మా నాన్న వడ్రంగిని ఇంటికి పిలిపించి, దొడ్లో కొట్టించిన టేకు కర్రతో డబుల్ కాట్ మంచం చేయించారు. అప్పటికి మేం కాపురం ఎక్కడ పెడతామో ఎవరికీ తెలియదు. మా వైపు మంచం గదిని బట్టి చేయించరు, ఆడపిల్లని బట్టి చేయిస్తారు. తలవైపు చెక్క మీద రెండు నెమళ్ళు, వాటి మధ్య ఒక పువ్వు, పక్కన సొరుగులు. మంచంతో పాటు బీరువా, అద్దాల డ్రెస్సింగ్ టేబుల్, బిందెలు, గుండిగలు. సారె మినీ లారీలో వచ్చిన రోజు ఆ నెమళ్ళ చెక్క మెట్ల మలుపు తిరగలేదు. తాళ్ళు కట్టి వరండా మీదుగా పైకి లాగారు. ఇల్లుగలవాళ్ళు కింద కుర్చీలేసుకుని చూశారు. అంతా బిగించాక చూస్తే మా తలుపు సగమే తెరుచుకుంటోంది. అయినా ఆ రోజు మా అమ్మ మొహంలో ఉన్న సంతోషం ఇంతా అంతా కాదు. సారెలో ఒక్క వస్తువు తగ్గినా ఎక్కడో ఒకచోట మాటొస్తుంది కదా. ఏదీ తగ్గలేదు. తగ్గింది గదే.

ఇద్దరం ఉన్నప్పుడు ఆ ఇబ్బంది సరదాగానే ఉండేది. ఒకరు బీరువా తియ్యాలంటే ఇంకొకరు మంచం ఎక్కాలి. చుట్టాలొస్తే మంచం మీదే కూర్చునేవాళ్ళు. కూరగాయలు దాని మీదే తరిగేదాన్ని, బట్టలు దాని మీదే మడత పెట్టేదాన్ని, మా ఆయన దాని మీదే అన్నం తినేవాడు. మంచం కింద బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, గుండిగలు, చలికాలం దుప్పట్లు, నా ఎమ్మెస్సీ పుస్తకాల అట్టపెట్టె. పాప పుట్టాక తన ఊయల కూడా ఆ మంచం పైనే వేలాడింది. పాప బోర్లా పడింది ఆ మంచం మీద. కూర్చుంది ఆ మంచం మీద. పాకడం కూడా నెమళ్ళ దగ్గర మొదలుపెట్టి కాళ్ళ వైపు చివరి దాకా పాకేది. అక్కడ నేను చేతులు అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. కిందికి దింపితే బీరువా అంచు తగులుతుందేమో, కూలర్ వైరు లాగుతుందేమో, గుమ్మం దాటి మెట్ల మీద పడుతుందేమో అని భయం. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తున ఒక చెక్కపలక బిగించాం. ఇంట్లోకి వచ్చేవాళ్ళు దాని మీంచి కాలెత్తి రావాలి.

పాపకి పదహారో నెల వచ్చింది. నడవలేదు.

మా వైపు పిల్లలు చేసే ప్రతి పనికీ ఒక పిండివంట ఉంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు వండి పంచుతారు. మొదటి అడుగులకి అరిసెలు. నేల మీద గుడ్డ పరిచి అరిసెలు వరసగా పేర్చి, వాటి మీద బిడ్డని చెయ్యి పట్టి నడిపించి, తర్వాత ఇరుగుపొరుగుకి పంచుతారు. తనంతట తాను గడప దాటితే గారెలు. పాప బొబ్బట్లు మా వీధంతా తిన్నారు. ఆ తర్వాత మా ఇంట్లోంచి ఏ పళ్ళెమూ బయటికి వెళ్ళలేదు. మా అమ్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అన్నీ అడిగాక ఆఖరికి అడిగేది, బియ్యం నానబెట్టమంటావా అని. అరిసెలకి బియ్యం ముందే నానాలి, తడి పిండి ఆడించాలి. నడవకముందే వండితే మంచిది కాదని అమ్మ నమ్మకం. అందుకని అడగడమే తప్ప నానబెట్టేది కాదు. నేను ఇంకా లేదమ్మా అనేదాన్ని. ఆడపిల్లలు తొందరగా నడుస్తారంటారే అని అమ్మ తనలో తను అనుకున్నట్టుగా అనేది. ఆ మాట వారమంతా నా చెవుల్లో ఉండేది.

ఎదురు పోర్షన్‌లోకి వాళ్ళు కిందటేడు దసరా ముందు వచ్చారు. హనుమాన్ జంక్షన్ వైపు వాళ్ళు. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు, రెండిళ్ళ వాళ్ళూ రాలేదు. ఆయన గన్నవరం ఎయిర్‌పోర్టుకి కారు తోలతాడు. ఆవిడ ఇంట్లోనే చీరలకి ఫాల్స్ కుడుతుంది, కొంగులకి కుచ్చులు వేస్తుంది. ఒక చాప, రెండు బొంతలు, ఒక ట్రంకు పెట్టె, గోడకి కొట్టిన అలమరా, కుట్టు మిషను. తెల్లారేసరికి బొంతలు మడతపడి పెట్టె మీదికి వెళ్ళేవి, చాప చుట్టుకుని మూలన నిలబడేది. ఇక గదంతా నేలే. మధ్యాహ్నం ఆవిడ ఆ నేల మీద ఒక పట్టుచీర పూర్తిగా పరిచి, దాని పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని కుచ్చులు ముడివేసేది. మా గదిలో నా జేబురుమాలు పరచడానికి కూడా చోటు లేదు. మా అమ్మ ఒకసారి వచ్చినప్పుడు ఆ గదిలోకి తొంగిచూసి వచ్చి, సారె లేని ఇల్లు అలాగే బోసిగా ఉంటుంది అంది. నేను అవునన్నాను. అని, ఆ బోసితనం వైపు ఇంకోసారి చూశాను.

వాళ్ళ బాబు మా పాప కన్నా రెండు నెలలు చిన్న. పదకొండో నెలలోనే ఆ గోడ దగ్గర్నుంచి ఈ గోడ దాకా నడిచాడు.

అరిసెలు ఆవిడే చేసింది. చెప్పేవాళ్ళు ఎవరూ లేక ఫోన్లో వీడియో పెట్టుకుని చేసింది. పాకం ముదిరినట్టుంది, రాళ్ళలా వచ్చాయి. స్టీలు పళ్ళెంలో పేర్చి పేపరు కప్పి తీసుకొచ్చి, మా పలక మీంచి చెయ్యి చాపి అందించింది.

"గట్టిగా వచ్చాయండీ, ఏమనుకోవద్దు. పాలల్లో నానబెట్టి తినండి. మీ పాప అరిసెలు మీ అమ్మగారి చేతివి, నాకు నాలుగెక్కువ ఇవ్వాలి."

అలాగేనండీ అన్నాను. మా ఆయన ఒకటి కొరికి దవడ పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మిగతావాటి మీద మూత పెట్టేశాను. పాప కంట పడకూడదనిపించింది. ఇంకొకరి అడుగుల అరిసె నా బిడ్డ చేతిలో ఉండటం నాకు ఇష్టం లేకపోయింది.

పిల్లల డాక్టరుగారు పాప కాళ్ళు వంచి చూశారు, నిలబెట్టి చూశారు. ఏం లేదమ్మా, కొందరు పద్దెనిమిది నెలలకి నడుస్తారు అన్నారు. అని, నేల మీద వదులుతున్నారా అని అడిగారు. వదులుతున్నామండీ అని చెప్పాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పి ఆ వదలాల్సిన నేల కోసం చూశాను. మంచానికీ బీరువాకీ మధ్య పట్టీ అంత నేల ఉంది. పాపని అక్కడ నిలబెడితే అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. పట్టుకోవడానికి రెండు వైపులా అంత దగ్గరగా చెక్క ఉంటే వదిలి ఎందుకు నడుస్తుంది? ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. కాల్షియం డ్రాప్సు తక్కువయ్యాయేమో అనుకున్నాను. నా పాలు చాలలేదేమో అనుకున్నాను. రోజూ పడుకోబెట్టాక ఫోన్లో నడక ఆలస్యమైన పిల్లల గురించి చదివి, చదివినందుకు నిద్ర పట్టక కూర్చునేదాన్ని.

అలా ఉండగా ఒక స్కూలు వాళ్ళు లెక్కల టీచరు కావాలని, వారం పాటు మధ్యాహ్నాలు డెమో క్లాసులు చెప్పమన్నారు. పెళ్ళికి ముందు రెండేళ్ళు చెప్పినదాన్నే. పాపని ఎక్కడ ఉంచాలి? మా ఆయన ఎదురింటివాళ్ళ తలుపు వైపు చూశాడు. నేను వేరే దారి కోసం వెతికి, దొరక్క, పాపని చంకనేసుకుని ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మెట్ల వైపు తలుపు గడియ పెట్టుకోమని, కత్తెరలు పైన పెట్టమని, సూదులు లెక్క చూసుకోమని చెప్పాను. ఆవిడ అన్నిటికీ అలాగేనండీ అంది. కాస్త నవ్వినట్టు కూడా అనిపించింది.

మొదటి రోజు తిరిగొచ్చేసరికి పాప ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చింది, నేను ఎత్తుకున్నందుకు. తన తల నుంచి ఆవిడ రాసిన కొబ్బరినూనె వాసన. మర్నాడు కూడా అంతే. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద వదలగానే తలుపు వైపు చెయ్యి చాపి, వాళ్ళ బాబుని పిలిచే కూత ఒకటి కూసేది. ఆ కూత నాకెప్పుడూ కూయలేదు. ఇంకోటి కూడా గమనించాను. స్నానం చేయిస్తుంటే పాప అరికాళ్ళు మసిగా ఉన్నాయి. అప్పటిదాకా ఆ పాదాలు రోజాపువ్వు రంగులో ఉండేవి. అంత నేల ఉండి ఏం లాభం, తడిగుడ్డ సరిగ్గా పెట్టదన్నమాట అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకొక సుఖం ఉంది. రోజూ ఆ పాదాలు సబ్బుతో రుద్దుతూ అదే అనుకున్నాను.

శనివారం స్కూలు తొందరగా వదిలారు. డెమో అయిపోయింది, జూన్ నుంచి రమ్మన్నారు. ఆ మాట ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తూ మెట్లెక్కాను. వరండాలోకి వాళ్ళ కిటికీ ఉంది. సగం తెర వేసి ఉంది. మిగతా సగంలోంచి కనిపించింది.

వాళ్ళ బాబు చేతిలో ఖాళీ దారపు కండెతో ముందు నడుస్తున్నాడు. వాడి వెనకాల మా పాప. చేతులు రెండూ కాస్త పైకెత్తి, పొట్ట ముందుకు పెట్టి, గోడ దగ్గర్నుంచి కుట్టు మిషను దాకా నడిచింది. అక్కడ ఆగి, పడకుండా, వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. దేన్నీ పట్టుకోలేదు.

నేను కేక కూడా వెయ్యలేదు. ఎందుకంటే అప్పుడే ఆవిడని చూశాను. గోడకి ఆనుకుని కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. తలెత్తి చూడటం లేదు. నా కూతురు నడుస్తుంటే ఆవిడ తలెత్తి చూడటం లేదు. ఒకసారి పాప తన కాళ్ళ మీదుగా పోబోతే, ఆకు తుంచుతూనే కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. రోజూ చూసేదాన్ని మనం ఎలా చూడమో అలా. ఆ గోంగూర కట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. అరికాళ్ళ మసి నాకు అప్పుడు అర్థమైంది.

తలుపు తట్టాను. ఆవిడ తీసింది. నన్ను చూసి, వెనక్కి తిరిగి పాపని చూసి, పాప నిలబడే ఉండటం చూసి, ఆకుల చెయ్యి చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.

"ఎప్పట్నుంచండీ?" అన్నాను.

"మీరు రెండో రోజు వెళ్ళారు చూడండి, అప్పుడండీ. ముందు రోజే దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడింది."

"మరి చెప్పలేదే?"

"మీ ఇంట్లో వేసినప్పుడు మీరే చూస్తారు కదండీ. ఫస్ట్ మీరే చూసినట్టుంటుందని..." అందావిడ. "మా ఆయనక్కూడా చెప్పలేదండి."

ఆవిడ నా మంచికే దాచిందని నాకు అక్కడే తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది. చూసినదాన్ని దాచి, నాకు దయగా పెట్టబోయినట్టు అనిపించింది. నేను చూసినట్టుంటుందట. పాపని ఎత్తుకున్నాను. థాంక్సండీ అన్నాను, స్కూల్లో ప్రిన్సిపాల్‌తో అన్నట్టు. ఇంట్లోకి వచ్చి, పలక మీంచి కాలెత్తి, సగమే తెరుచుకునే మా తలుపుని వేసేశాను. ఉద్యోగం వచ్చిందన్న మాట ఎవరికీ చెప్పకుండానే సాయంత్రమైంది.

ఆ తర్వాత పాపని అక్కడికి పంపలేదు. డెమో అయిపోయింది కదా, అవసరం లేదు అన్నాను. మా ఇంట్లో నడిపించాలని పట్టుబట్టాను. మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న పట్టీలో ఇటు చివర నిలబెట్టి, అటు చివర నేను కూర్చుని చేతులు చాపేదాన్ని. బొమ్మ చూపించాను, బిస్కెట్ చూపించాను, చివరికి ఫోన్ చూపించాను. పాప మంచం అంచు పట్టుకుని, దాని వెంట చేతులు జరుపుకుంటూ వచ్చేది. చేతులు విడదీస్తే అక్కడే చతికిలబడేది. వాళ్ళింట్లో వెనక్కి తిరిగి మళ్ళీ నడిచిన పిల్ల మా ఇంట్లో మంచం పట్టుకుని జరుగుతోంది. సాయంత్రం వాళ్ళ బాబు అరుపు వినిపిస్తే పలక దగ్గర కూలబడి, రెండు చేతులతో దాన్ని ఊపుతూ ఏడ్చేది. ఎదురింటావిడ ఒకట్రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి మా తలుపు వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. పిలవలేదు.

ఆ పై వారం ఆదివారం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. బియ్యం సంగతి అడిగింది. నడిచిందని చెప్పాలి, చెబితే ఎక్కడని అడుగుతుంది. ఇంకా లేదమ్మా అన్నాను. మా ఆయన పక్కనే మంచం మీద అన్నం తింటున్నాడు. జరిగింది ఆయనకి చెప్పాను కాబట్టి నా వైపు అదోలా చూసి, మంచం తీసేద్దామా అన్నాడు. అమ్మకి వినపడింది.

"ఏంటే, మంచం తీసేస్తారా? సారె మంచం బయట పెడతారా ఎవరన్నా? రేపు మీ అత్తగారు వస్తే ఎక్కడ కూర్చోబెడతావు?"

నేను ఏదో సర్దిచెబుతుంటే ఫోన్ నాన్న చేతిలోకి వెళ్ళింది. నాన్న ఫోన్లో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. విషయం ఏంటని అడిగారు. పాప నడవడానికి చోటు లేదు నాన్నా అన్నాను.

"అది పడుకోడానికి చేయించిందమ్మా. పిల్లకి అడ్డమైతే విప్పెయ్యండి. బోల్టులు మాత్రం ఒక డబ్బాలో వేసి ఉంచు, మళ్ళీ ఆ సైజు దొరకవు."

మంచం విప్పడం ఒక మనిషి పని కాదు. మా ఆయన వెళ్ళి ఎదురింటాయన్ని పిలుచుకొచ్చాడు. నాకు ఇష్టం లేకపోయినా ఆయన కారు స్పానర్లు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. చెక్కలు బయటికి తీయడానికి అడ్డంగా ఉందని ముందు గుమ్మం పలక ఊడదీశారు. పాపని నేను వంటింటి గుమ్మంలో ఎత్తుకుని నిలబడ్డాను. పరుపు వరండాలోకి వెళ్ళింది. పక్క చెక్కలు పై మెట్ల మీదుగా డాబా మీదికి, టార్పాలిన్ కిందకి. నెమళ్ళ చెక్క మాత్రం ఎటు తిప్పినా మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది. వచ్చినప్పుడు ఎలా రానన్నదో ఇప్పుడు అలాగే పోనంది. దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చి గోడకి ఆనించారు.

ఇక మంచం కింద సామాను బయటపడింది. బియ్యం బస్తా, జాడీలు, గుండిగలు, పుస్తకాలు, అన్నీ వెలుతురులో కుప్పగా. ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తుంటే ఎదురింటావిడ వచ్చింది.

"మా అటక ఖాళీయేనండీ. బిందెలు, గుండిగలు అందులో పెట్టుకోండి. మాకు పెట్టడానికేమీ లేవు."

నాకు వద్దనాలని ఉంది. మా ఆయన అప్పటికే గుండిగ ఎత్తుకుని వెళ్ళిపోతున్నాడు. ఆవిడ నేల సరే, ఇప్పుడు అటక కూడా. నా సారె గిన్నెలు ఆవిడ నెత్తి మీద.

ఆవిడ వెళ్ళకుండా నెమళ్ళ చెక్క ముందు ఆగింది. ఇన్నాళ్ళూ పరుపు వెనక దాగి ఉన్న కింది సగంలో దుమ్ము పట్టి ఉంది. కొంగుతో ఒక నెమలి తోక తుడిచింది.

"మా నాన్న కూడా కర్ర కొట్టించాడండీ నా కోసం. తర్వాత దాంతో కొత్తింటికి గుమ్మాలు పెట్టించుకున్నారంట."

ఆవిడ రెండో నెమలి కూడా తుడిచి కొంగు దులుపుకుంది. నాకు జాలి కలిగింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే అప్పుడే పాప నా చంకలోంచి కిందికి జారుతోంది.

దింపాను. గది మొత్తం నేల. మంచం ఉన్నచోట మొజాయిక్ మిగతాదానికన్నా కొత్తగా, మెరుస్తూ ఉంది. పాప దాన్ని చూసింది. పట్టుకోవడానికి చెయ్యి పక్కకి చాపింది, ఏమీ తగల్లేదు. ఇంకో చెయ్యి చాపింది. అటూ ఏమీ లేదు. ఇక రెండు చేతులూ కాస్త పైకెత్తి, పొట్ట ముందుకు పెట్టి నడిచింది. మా ఇంట్లో, నా కళ్ళ ముందు. మా ఆయన గుమ్మం పక్కన స్పానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను కూర్చుని చేతులు చాపాను, నా వైపు తిరుగుతుందని. పాప తిరగలేదు. కొత్త నేల మొత్తం దాటి, పలక లేని గుమ్మం దగ్గర ఆగి, ఒక కాలెత్తి గడప అవతల పెట్టి, రెండో కాలూ పెట్టి, వరండా దాటి, నేరుగా ఎదురింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన నడకలో నాకు కనిపించింది నా కూతురి వీపు.

మెట్ల వైపు పడుతుందేమోనని వెనకే పరిగెత్తాను. పాప మెట్ల వైపు చూడనైనా లేదు. వాళ్ళ బాబు పక్కన కూర్చుని దారపు కండె లాక్కుంది.

ఆ రాత్రే మినప్పప్పు నానబోశాను. అరిసెలు అమ్మ చేసి పంపుతుంది, సరే. అడుగులు ఎవరు ముందు చూశారన్న లెక్క ఎటూ తేలదు. కానీ గడప దాటడం నేను చూశాను. అంతకుముందు ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా పాపని నేనే ఎత్తుకుని వెళ్ళాను. తనంతట తాను దాటిన మొదటి గడప మాది. పొద్దున్నే గారెలు వేసి, అన్నిటికన్నా ముందు ఒక పళ్ళెం ఎదురింటికి తీసుకెళ్ళాను.

"గారెలు దేనికండీ?" అందావిడ.

"గడప దాటిందిగా. మా గడప," అన్నాను.

ఆవిడ ఒక గారె తుంచి నోట్లో వేసుకుంది. మెత్తగా ఉన్నాయండీ అంది. నమిలి మింగి, పళ్ళెం పక్కన పెట్టి, నా వైపు చూసి నవ్వింది.

"దాటి వచ్చింది మా గుమ్మంలోకేగా."

జవాబులు ఇంటికొచ్చాక తోచాయి. అవి ఇక్కడ రాయను.

ఇప్పుడు మేం కూడా నేల మీదే పడుకుంటున్నాం. పొద్దున్నే పరుపు చుట్టి నిలబెడతాను. మెట్ల మొదట్లో ఇల్లుగలవాళ్ళు చిన్న గేటు పెట్టించారు. నేను రోజుకి రెండుసార్లు తడిగుడ్డ పెడుతున్నాను. జూన్ నుంచి పాప మధ్యాహ్నాలు ఎటూ ఆవిడ దగ్గరే ఉండాలి. ఈలోగా మా నేల ఆవిడ నేలకి తీసిపోకూడదని నా పట్టుదల. అయినా పాప లేవగానే అటే వెళ్తుంది. మధ్యాహ్నం ఎత్తుకొస్తే ఏడుస్తుంది. ఆ ఏడుపు నాకు ఇంకా అలవాటు కాలేదు.

నిన్న సాయంత్రం మాత్రం ఒకటి జరిగింది. పాప ఎవరూ ఎత్తుకోకుండానే ఇంటికి తిరిగొచ్చింది. నా కోసం కాదు. వాళ్ళ బాబు ముందు వస్తుంటే వాడి వెనక వచ్చింది. వాడు నేరుగా గోడకి ఆనించిన చెక్క దగ్గరికి వెళ్ళి, నెమలి కన్నులో వేలు పెట్టి, తోక మీద చెయ్యి రాసి, ముక్కు దగ్గర మళ్ళీ వేలు పెట్టాడు. పాప రెండో నెమలి పట్టుకుంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను.

ఆవిడ వాళ్ళ గుమ్మంలోంచి బాబుని పిలిచింది. వాడు వినలేదు. ఇంకోసారి పిలిచింది. వాడు నెమలిని రెండు చేతులతో పట్టుకుని, రానన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వరండా దాటి మా గడప దాకా వచ్చి ఆగింది. కొడుకు వైపు చూసింది. కొడుకు చేతుల కింద ఉన్న నెమలి వైపు కూడా చూసింది. అద్దం చూడకుండానే ఆ మొహం నాకు తెలుసు.

వాణ్ని ఎత్తుకుని ఆవిడ చేతికి ఇచ్చెయ్యొచ్చు. నాకు రెండు అంగల దూరం.

"ఉండనివ్వండి," అన్నాను. "ఆడుకుంటున్నాడు కదా."